బోణీ గంట

ఆ గంటని కత్తిరించింది నేనే. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

మంగళగిరి దగ్గర మా ల్యాబులో పదకొండు మందిమి పనిచేస్తాం. దుకాణాలని జనానికి కనపడేట్టు చేయడం మా వృత్తి. ఒకప్పుడు ఇది ఇంత కష్టం కాదు. ఫోన్‌లో వెతికితే వరసగా పది పేర్లు వచ్చేవి. మొదటివాడు నచ్చకపోతే నాలుగోవాడు, వాడూ కాదంటే తొమ్మిదోవాడు. ఇప్పుడు జనానికి అంత ఓపిక లేదు. అందరి చెవుల్లోనూ శనగగింజంత బిళ్ల, ఆ బిళ్లలో అన్వేషి. "ఫలానాది ఎక్కడ దొరుకుతుంది?" అని గొణిగితే అది ఒక్క పేరు చెబుతుంది. ఆ ఒక్క పేరు మీది కాకపోతే మీరు నడిబజార్లో డప్పు కొట్టుకున్నా లేనట్టే లెక్క.

అందుకని ప్రతి దుకాణం తరఫునా ఒక యంత్రం అన్వేషి ముందు నిలబడి వాదిస్తుంది. మా దగ్గరికి పంపు, మా దగ్గరికే పంపు అని. అన్నిటిదీ ఒకటే అరుపు కాబట్టి అన్వేషి వాటి మాటలు నమ్మడం ఎప్పుడో మానేసింది. అది చూసేది ఒక్కటే. తను పంపిన మనిషి వారం లోపల అదే సంగతి మళ్లీ అడిగాడా, లేదా? అడిగాడంటే పంపిన చోట పని జరగలేదన్నమాట. దాన్ని మేం మరుప్రశ్న అంటాం. మరుప్రశ్నలు పెరిగిన కొట్టు పేరు మెల్లగా అన్వేషి నోట్లోంచి జారిపోతుంది.

మా డైరెక్టర్ పరిమళ గారు దీనికొక విరుగుడు కనిపెట్టారు. అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న పెట్టె. పేరు వాకిలి. నలభై రోజులు గల్లాపెట్టె పక్కన కూర్చుని యజమాని ఎలా మాట్లాడతాడో, దేనికి ఒప్పుకుంటాడో, దేనికి కాదంటాడో చూస్తుంది. నలభై ఒకటో రోజు నుంచి అన్వేషి ముందు ఆ మనిషే తానై నిలబడుతుంది. అరవదు. ఆ మనిషి ఏం చెబుతాడో అదే చెబుతుంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఎస్తేరూ," అన్నారావిడ. "మొదటి పెట్టె మీ నాన్నగారి కొట్లోనే పెడదాం."

మా నాన్న ఏలియా మేస్త్రిది తెనాలి చెప్పుల బజారులో కొట్టు. చెప్పులు అందరూ కుడతారు. మా నాన్న తిమ్మిరెక్కిన కాళ్లకి కుడతాడు. షుగరు ముదిరి, కాలి కింద నిప్పుందో నీళ్లున్నాయో తెలియని వాళ్లకి. మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, గాలానికి కట్టే సన్నటి దారంతో అరికాలు తాకుతాడు. "తెలిస్తే 'ఆ' అనమ్మా," అంటాడు. కొన్నిచోట్ల 'ఆ' అంటారు. కొన్నిచోట్ల ఏమీ అనరు. అననిచోట నాన్న కాగితం మీద చిన్న సున్నా చుట్టుకుంటాడు. తర్వాత మెత్తటి నల్ల రబ్బరు తెచ్చి, సున్నాలున్నచోట గుంట చెక్కి, ఒక్క మేకు కూడా కొట్టకుండా దారంతోనే కుడతాడు. మేకు పైకి తేలితే ఆ కాలికి తెలియదు కదా.

ఇంత పనితనం ఉండి ఏం లాభం? పెట్టె పెట్టిన నాటికి అలాంటి కాలు ఒక్కటి కొట్టు మెట్టెక్కి మూడు నెలలైంది. గాజు మేడల్లో అమ్మే ఖరీదైన బూట్ల పేరే అన్వేషి చెబుతోంది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంట," అని మా అమ్మ సంతోషమ్మ దెప్పింది. "కూతురు ఊళ్లోవాళ్ల కొట్లన్నీ చూపిస్తది. తండ్రి కొట్టు మాత్రం దేవుడు చూపించాల."

నేను పెట్టె బిగిస్తుంటే ఎదురుకొట్టు నాగూర్ మామ టీ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు. నాగూర్ బాషా స్కూలు బూట్లు కుడతాడు. నాన్నకీ ఆయనకీ ముప్పై ఏళ్ల దోస్తీ. రోజూ పదింటికి ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుంటారు.

"ఇదేంది ఎస్తేరమ్మా, మీ నాయన్ని చూసి నేర్చుకునేదా? అయితే ముందు గురక నేర్చుకుంటది," అన్నాడు.

"నీ బూతులు నేర్చుకోకుంటే చాల్లేరా," అన్నాడు నాన్న.

నలభై రోజులు గడిచాయి. పెట్టె చూసినదంతా ల్యాబుకి వచ్చింది. దాన్ని శుభ్రం చేసి పెట్టెకి పాఠంగా మలచడం నా పని. తగాదాలు, కరెంటు పోయిన పూటలు, మా అమ్మ వచ్చి కేకలేసిన సన్నివేశాలు తీసేశాను. ఆ తర్వాత ప్రతిరోజూ పొద్దున్నే కొట్టు తీసిన మొదటి గంట దగ్గర ఆగిపోయాను.

ఆ గంటలో మా నాన్న వ్యాపారం చేయడు. మొదటి బేరానికి ఎవరొచ్చినా, ఎంతకడిగినా, ఉత్త చేతులతో పంపడు. ఇచ్చిన నోటు కళ్లకద్దుకుని "స్తోత్రం" అంటాడు. ఇక్కడిదాకా ఫర్వాలేదు. రెండో మనిషి రాగానే తల తిప్పి ఎదురుకొట్టు వైపు చూస్తాడు. "నాగూరూ, బోణీ అయిందా?" అని అరుస్తాడు. అటు నుంచి లేదని వస్తే, వచ్చిన మనిషితో "నాకు బోణీ అయిందమ్మా. ఆయనకింకా కాలేదు. ఆ కొట్లో చూడండి," అని చేత్తో దారి చూపిస్తాడు. అటు నాగూర్ మామదీ ఇదే వరస. బెల్టయితే మూల మీది కోటేశ్వరమ్మ, స్ట్రాపయితే బస్టాండు పక్కన ముసలాయన, ఆ బజారంతా ఇంతే. చిన్నప్పుడు నేను లోకమంతా ఇంతేననుకునేదాన్ని.

పెద్దయ్యాక తెలివి వచ్చింది కదా. కొట్టుకొచ్చిన మనిషిని ఎదురుకొట్టుకి పంపడం నేర్చుకున్న పెట్టె ఎవరికి కావాలి? నలభై పొద్దులూ, నలభై గంటలూ కత్తిరించి పక్కన పడేశాను. వాటికి 'నేర్పకూడనివి' అని పేరు కూడా పెట్టాను. ఆ బజారులో పుట్టిన పిల్లకి తప్ప ఇంకెవరికీ ఆ గంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. అందుకే అంత శుభ్రంగా కత్తిరించగలిగాను.

వాకిలి పనిలోకి దిగిన మూడో వారానికి మా నాన్న కొట్టు ముందు వరస కట్టారు. రేపల్లె నుంచి, బాపట్ల నుంచి, గుడివాడ నుంచి వచ్చారు. తిమ్మిరి కాళ్లవాళ్లు వచ్చారు. వాళ్లతోపాటు బెల్టు తెగినవాళ్లు, హవాయి చెప్పుకి స్ట్రాపు ఊడినవాళ్లు, స్కూలు బూట్లు కావలసినవాళ్లు కూడా వచ్చారు. ఆ మొదటి గంట గడిచి తొమ్మిది దాటాక మా నాన్న ఎవరినీ కాదనడు. "చూద్దాంలే, చేసిపెడతా," అంటాడు. పెట్టె నేర్చుకున్నది ఆ మాటే. తెనాలి చుట్టుపక్కల కాలికి సంబంధించి ఎవరేం అడిగినా, "ఏలియా మేస్త్రి చేసిపెడతాడు, రండి," అని నాన్న గొంతుతో పిలిచింది.

ల్యాబులో కేకు కోశారు. పరిమళ గారు నా భుజం తట్టారు. నాకు చాలా గర్వంగా ఉండేది. మా నాన్న పేరు నేను లోకానికి వినిపించానని, ఆ నెల రోజులూ అద్దంలో చూసుకున్నప్పుడల్లా నాకు నేనే నచ్చేదాన్ని.

ఆదివారాల్లో తెనాలి వెళ్లినప్పుడు మాత్రం ఒకటి గమనించాను. పదింటి టీ రెండు గ్లాసుల్లోకి వెళ్లడం లేదు. నాగూర్ మామ తన కొట్లో తాను కూర్చుని బూట్లు కుట్టే చెక్క అచ్చులు తుడుచుకుంటున్నాడు. తుడిచినవే మళ్లీ తుడుస్తున్నాడు. నేను పలకరిస్తే నవ్వాడు.

"నీ తప్పేంది ఎస్తేరమ్మా? జనం మీ నాయన్నే అడుగుతున్నారు. నన్ను అడిగేవాడు లేడు. అడిగినోడు పోయేటప్పుడు నా కొట్టు ముందు నుంచే పోతాడు చూడు, అది కాస్త కష్టం," అన్నాడు.

"మరి నాన్నతో మాట్లాడటం మానేశారేం మామా?"

"ఏం మాట్లాడాల? పొద్దున్నే బోణీ అయిందా అని అడగాల. అడిగితే తనకి అయిందని వాడు చెప్పాల. నాకు కాలేదని నేను చెప్పాల. ఎన్నాళ్లు చెబుతాం?"

నాన్న పొద్దున్నే ఎదురుకొట్టు చూపిస్తున్నా ఎవరూ వినడం లేదట. చెవిలో బిళ్ల "ఏలియా మేస్త్రి" అన్నాక, ఏలియా మేస్త్రే స్వయంగా కాదన్నా జనం నమ్మరు. వరసలో నిలబడే ఉంటారు. నాన్న కూడా చివరికి చెప్పడం మానేశాడు.

అప్పటికైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. వచ్చేసరికి ఒక కాలివేలు పోయింది.

కొల్లిపరకి చెందిన రాజ్యలక్ష్మి గారు రిటైరైన టీచరు. రెండు అరికాళ్లూ తిమ్మిరి. నాన్న ఆవిడ కాలు కొలిచి కాగితం నిండా సున్నాలు చుట్టాడు. కానీ ఆవిడకన్నా ముందు వరసలో అరవై జతల స్కూలు బూట్లు, లెక్కలేనన్ని బెల్టులు ఉన్నాయి. పదకొండు రోజులు ఆగమన్నాడు. ఆ పదకొండు రోజులూ ఆవిడ పాత చెప్పులే వేసుకుంది. వాటిలో ఒక మేకు పైకి తేలింది. ఆవిడకి తెలియలేదు. ఇంట్లో గచ్చు మీద రక్తపు అడుగులు చూసి మనవరాలు కేకపెట్టేదాకా తెలియలేదు.

వేలు తీసేశారని తెలిసిన ఆదివారం నాన్న చర్చికి కూడా వెళ్లలేదు. నేను వెళ్లేసరికి కొట్లో కూర్చుని ఆవిడ కాలు గీసిన కాగితం చూస్తున్నాడు.

"ఈ వేలు మీద సున్నా చుట్టింది నేనే," అన్నాడు. "చుట్టి, బెల్టులు కుడతా కూర్చున్నా."

నాకు ఏడుపొచ్చింది. నాన్న ఏడవలేదు. లేచి పెట్టె తీగ పట్టుకున్నాడు.

"దీన్ని పీకేయమంటావా, నువ్వే పీకుతావా?"

"పీకేస్తే మళ్లీ మొదటికొస్తుంది నాన్నా. అసలు నువ్వున్నావనే ఎవరికీ తెలియదు. అప్పుడు ఇలాంటి కాళ్లు ఎన్ని పోయాయో మనకి లెక్క కూడా లేదు."

"ఉంటే ఇట్టా, పీకితే అట్టా. ఏం కనిపెట్టారమ్మా మీరు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "ఎదర చూడు."

ఎదురుకొట్టు షట్టరు దించి ఉంది. శనివారం నాగూర్ మామ సామాను ఎత్తేసి చీరాలలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోతున్నాడట. వచ్చే శనివారమే. నాన్నకి ఆ సంగతి టీ కొట్టువాడి ద్వారా తెలిసింది. ముప్పై ఏళ్ల దోస్తీలో ఒక కబురు మూడోమనిషి నోటి నుంచి వినడం ఇదే మొదలని అమ్మ చెప్పింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఎవరి కోసం పుట్టిందో నాకు ఆ రోజు అర్థమైంది.

సోమవారం మధ్యాహ్నం ల్యాబులో తలుపేసుకుని 'నేర్పకూడనివి' తెరిచాను. నలభై గంటలూ ఒక్క పూటలో చూడలేను కాబట్టి వేగంగా తిప్పుతూ చూశాను.

నేను కత్తిరించినప్పుడు చూసినవి వేరు, ఇప్పుడు కనపడుతున్నవి వేరు. నాన్న ఇటు నుంచి అటు పంపుతున్నాడనే అప్పుడు చూశాను. అటు నుంచి ఇటు వచ్చినవాళ్లని చూడలేదు. వాన పడ్డ ఒక పొద్దున నాన్న కొట్టు తీసి ముప్పావుగంటసేపు ఈగలు తోలుకున్నాడు. అప్పుడు నాగూర్ మామ గొడుగు పట్టి మరీ ఒక ముసలాయన్ని రోడ్డు దాటించి తెచ్చాడు. "నాకయింది. నీకు తెచ్చా," అన్నాడు. ఆ ముసలాయనవి తిమ్మిరి కాళ్లు. ఆ నలభై రోజుల్లో పెట్టె చూసిన మొట్టమొదటి తిమ్మిరి కాళ్లు అవే. అసలు పాఠం పెట్టెకి నాగూర్ మామ చేత్తో అందింది. నేను ఆయన్ని కత్తిరించి పాఠం ఒక్కటీ ఉంచుకున్నాను.

ఇంకొక పొద్దు దగ్గర యంత్రం ఆపి మళ్లీ మొదటి నుంచి చూశాను. నాగూర్ మామ భార్య మస్తాన్‌బీ అత్త పోయి, పదో దినం అయ్యాక ఆయన మళ్లీ షట్టరెత్తిన రోజు అది. నాన్నకి ఇంకా బోణీ కాలేదు. ఒకావిడ కొడుక్కి స్కూలు బూట్ల కోసం వచ్చి బల్ల మీద కూర్చోబోయింది. నాన్న ఒక్క క్షణం ఆవిడని చూసి, ఎదురుగా అప్పుడే లేస్తున్న షట్టరు చూశాడు. "ముందు ఆయన దగ్గరికెళ్లండమ్మా. ఇయ్యాలే తీశాడు," అన్నాడు. తన బోణీ వదులుకుని పంపడం ఆ నలభై రోజుల్లో అదొక్కసారే.

బజారులో దీనికి ఎవరూ నియమాలు రాయలేదు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది చూపుతోనే తెలుసుకుంటారు. చూసి నేర్చుకునే పెట్టెకి నేను చూడకూడదన్నది అదే. నా మీద నాకే అసహ్యం వేసింది.

పరిమళ గారి దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆ గంటలు పెట్టెకి తిరిగి నేర్పుదామన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శుక్రవారం నలుగురు కొనేవాళ్లు వస్తున్నారు, ఎస్తేరూ. వాళ్లకి చూపించడానికి మన దగ్గరున్నది ఆ ఒక్క పెట్టే. వచ్చినవాళ్లని బయటికి పంపే వాకిలిని ఎవరు కొంటారు? ఇక్కడ పదకొండు మంది ఉన్నారు."

"పెట్టె యజమాని తన పెట్టెకి ఎప్పుడైనా, ఏదైనా నేర్పుకోవచ్చని ఒప్పందంలో రాసింది మీరే మేడం."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "రాశాను," అన్నారు. "అయితే మీ నాన్నగారిని అడుగు. నేర్పమంటే నేర్పు. శుక్రవారం సంగతి కూడా దాచకుండా చెప్పి అడుగు."

నాన్నకి ఫోన్ చేసి రెండూ చెప్పాను. పదకొండు మంది అన్నప్పుడు ఆయన తటపటాయించాడు. మా నాన్నకి ఒకరి కూడు చెడగొట్టడమంటే ప్రాణం మీదకొస్తుంది. కాసేపటికి, "అమ్మాయ్, ఆ పెట్టె నాలా మాట్లాడుతుందన్నావు గదా?" అన్నాడు.

"అవును నాన్నా."

"పొద్దున పూట నేనెట్టా ఉంటానో దానికి తెలియకుండా నాలా ఎట్టా మాట్లాడుతది? నేర్పు."

ఆ సాయంత్రమే నలభై గంటలూ పెట్టెలోకి ఎక్కించాను.

మంగళవారం నుంచి వాకిలి గొంతు మారింది. బెల్టు అడిగినవాళ్లకి, "ఏలియా మేస్త్రికి బోణీ అయిందండీ. మూల మీద కోటేశ్వరమ్మ బెల్టులు బాగా కుడుతుంది, అక్కడికెళ్లండి," అని చెప్పింది. స్ట్రాపు ఊడినవాళ్లని బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చునే ముసలాయన దగ్గరికి పంపింది. ఈసారి మాట చెప్పింది బిళ్ల కాబట్టి జనం విన్నారు. ఆ పని ఇంకెవరికీ రాదు కాబట్టి నాన్న బల్ల ముందు తిమ్మిరి కాళ్లవాళ్లు మాత్రం నలుగురో ఐదుగురో మిగిలారు. రాజ్యలక్ష్మి గారి చెప్పులు బుధవారానికల్లా పూర్తి చేసి నాన్నే స్వయంగా కొల్లిపర వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆవిడ తిట్టలేదట. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చిందట. తిట్టి ఉంటే బాగుండేదని వచ్చాక అమ్మతో అన్నాడు.

నాగూర్ మామ దగ్గరికి మాత్రం పెట్టె ఎవరినీ పంపలేదు. పంపడానికి అక్కడ షట్టరు దించి ఉంది.

శుక్రవారం కొనేవాళ్లు వచ్చారు. బంగారం కొట్ల ఆయన, ట్యుటోరియల్ కాలేజీల ఆయన, ప్లాట్లు అమ్మే ఆయన, ఆసుపత్రుల తరఫున డాక్టర్ హైమవతి గారు. బంగారం కొట్ల ఆయన సరదాగా చెవిలో బిళ్ల నొక్కి, "తెనాలిలో తోలు బెల్టు ఎక్కడ?" అన్నాడు. గదిలో మా నాన్న గొంతు వినపడింది. తనకి బోణీ అయిందనీ, మూల మీదికెళ్లమనీ చెప్పింది.

ఆయన పగలబడి నవ్వాడు. "నా కొట్టుకి వచ్చేవాణ్ని ఎదురుకొట్టుకి పంపడానికి నేను దీన్ని కొనాలా అమ్మా?"

నేను లేచాను. మరుప్రశ్నల బొమ్మ తెర మీద పెట్టాను. పోయిన వారం నూటికి ముప్పై ఐదు మంది మళ్లీ అడిగారు. ఈ వారం ఇప్పటిదాకా నూటికి ముగ్గురు. అన్వేషికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా గురువారం నుంచి ఆ చుట్టుపక్కల కాలి సంగతి ఏదొచ్చినా అది ముందు మా నాన్న పెట్టెనే అడుగుతోంది. ఎవరి దగ్గర ఏ పని జరుగుతుందో దానికి తెలుసని కనిపెట్టింది.

"అడిగేది మీ నాన్ననే, లాభం మూల మీదావిడకి," అన్నాడు ప్లాట్ల ఆయన. ముగ్గురూ కాఫీ తాగి వెళ్లిపోయారు. పరిమళ గారు బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

డాక్టర్ హైమవతి గారు ఇంకా లేవలేదు.

"మా ఆసుపత్రిలో మంచాలు నిండిపోయాక కూడా అన్వేషి మా పేరే చెబుతుంది," అన్నారావిడ మెల్లగా. "అంబులెన్సు మా గేటు దాకా వచ్చి తిరిగి వెళ్తుంది. ఆ తిరిగే దారిలో కొందరు... సరే. మా దగ్గర ఖాళీ లేనప్పుడు ఇది ఖాళీ ఉన్నచోటికి పంపుతుందా? మొహమాటం లేకుండా?"

పరిమళ గారు నా వైపు చూశారు. తలూపాను.

"పంపుతుంది," అన్నారు పరిమళ గారు. "నేర్పితే పంపుతుంది. నేర్పడానికి మా దగ్గర మనుషులున్నారు."

శనివారం తెల్లవారగానే మొదటి బస్సులో తెనాలి చేరాను. ఎనిమిదింటికి నాన్న కొట్టు తీశాడు. ఎదురుగా ట్రాలీ ఆటో ఆగి ఉంది. నాగూర్ మామ షట్టరెత్తి, చెక్క అచ్చులు గోనెసంచుల్లో కట్టి ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వెళ్లి ఒక సంచి పట్టుకోవాలని ఆయనకి ఉంది, కానీ గుమ్మం దిగడం లేదు. ఇద్దరూ ఇద్దరే. నాకు వాళ్లిద్దర్నీ తిట్టాలనిపించింది, కాళ్ల మీద పడాలనీ అనిపించింది.

ఆఖరి సంచి ఎక్కుతుండగా దుగ్గిరాల నుంచి ఒక లారీ డ్రైవరు ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చాడు. మా కొట్టు దాటి తిన్నగా ఎదురుకొట్టు ముందుకెళ్లి ఆగాడు.

"నాగూర్ బాషా గారంటే మీరేనా? పిల్లకి స్కూలు బూట్లు కావాల. మా బిళ్ల మీ పేరు చెప్పింది."

"కొట్టు ఎత్తేస్తన్నామయ్యా," అన్నాడు నాగూర్ మామ. అని, ఆగాడు. "ఎవురు చెప్పారన్నావ్?"

"ఏలియా మేస్త్రంట. ముందు ఆయన దగ్గరికెళ్లండి, ఇయ్యాలే తీశాడు, అని చెప్పాడు."

నేను గబగబా పెట్టె చూశాను. నాన్నకి ఇంకా బోణీ కాలేదు. నేనేమీ మీటలేదు. నాన్న పెట్టె జోలికే రాలేదు. ఎదురుగా షట్టరు లేవడం అది చూసింది. అలాంటి పొద్దున ఏం చేయాలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూసిన పాఠం దానికి గుర్తుంది.

నాగూర్ మామ తలెత్తి ఇటు చూశాడు. నాన్న చూపు తిప్పుకోలేదు. మస్తాన్‌బీ అత్త పోయిన తర్వాతి ఆ పొద్దు వాళ్లిద్దరికీ గుర్తొచ్చిందని వేరే ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

"ఎక్కించమంటారా, దించమంటారా?" అని ఆటోవాడు విసుక్కున్నాడు.

"ఉండ్రా బాబూ. షట్టరు లేచి ఉంది, మనిషి వచ్చి నిలబడ్డాడు. బోణీ బేరం ఉత్త చేతుల్తో పంపేదెట్టా?" అన్నాడు నాగూర్ మామ. పిల్ల పాదం వైపు చూశాడు. ఆ కొలత అచ్చు ఆటోలో అన్నిటికన్నా అడుగున ఉన్న సంచిలో ఉంది. ఉండక ఎక్కడుంటుంది? ఒక్కొక్క సంచీ దించాడు. రెండో సంచి దించేసరికి నాన్న రోడ్డు దాటి వెళ్లి మూడోదాని చెవులు పట్టుకున్నాడు. నాలుగోది, ఐదోది కూడా దింపారు. అచ్చు దొరికింది. తయారుగా ఉన్న జతల్లో ఒకటి నాగూర్ మామ దానికెక్కించి, మడమ దగ్గర రెండు కుట్లు బిగించి పిల్లకి తొడిగాడు. పిల్ల నేల మీద టకటకా రెండడుగులేసి నవ్వింది.

నాగూర్ మామ నోటు తీసుకుని కళ్లకద్దుకుని "బిస్మిల్లా" అన్నాడు. చాలాసేపు అలాగే అద్దుకున్నాడు.

అంతలో కంకిపాడు నుంచి ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, సంచుల మధ్య దారి దొరక్క అక్కడే నిలబడ్డాడు. "బాబూ, కాళ్లు తిమ్మిరి. అడుగేస్తే తెలియట్లేదు. ఇక్కడ మేస్త్రి ఎవరో..." అన్నాడు.

మా నాన్న ఆయనకి రెండు గజాల దూరంలోనే ఉన్నాడు. చేతిలో ఖాళీ గోనెసంచి ఉంది. ఈయనే అని నాగూర్ మామ ఆ మాస్టారుతో మామూలుగా చెప్పొచ్చు. చెప్పలేదు. ఇన్నాళ్లుగా దాచిపెట్టుకున్న గొంతుతో, రోడ్డుకి అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు, బజారంతా వినపడేలా అరిచాడు.

"ఏలియా! బోణీ అయిందా?"

నాన్న చేతిలోని సంచి కింద పెట్టాడు. పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంకా లేదురా," అన్నాడు. "పంపు."